కుక్కకి ఆపరేషను అయ్యాక ఆ పద్నాలుగు రోజులు

"మా ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా నిన్న ఆపరేషను చేయించాం. ఇంటికి తీసుకొచ్చాం గాని ఏం పెట్టాలో, ఎలా చూసుకోవాలో తెలియడం లేదు. రాత్రంతా మూలుగుతోంది. మేము వాడే నొప్పి మాత్ర సగం విరిచి వేయవచ్చా?" అని రాజోలు నుంచి ఒక గృహిణి అడిగారు.

మనుషుల డాక్టరుకి కుక్క సంగతి ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. కుక్కకి వైద్యం చేయవలసింది పశువుల డాక్టరే. అందులో సందేహం లేదు. కాని ఆపరేషను అయిన కుక్క మళ్ళీ వచ్చేది మన ఇంటికే. అదే అరుగు మీద, అదే పిల్లల మధ్య పడుకుంటుంది. దానికి మనం వేసే మాత్ర మన మందుల పెట్టెలోదే. అది నొప్పితో ఎవరినైనా కరిస్తే వాళ్ళు వచ్చేది మా ఆసుపత్రికే. అందుకే ఈ వారం ఈ విషయం తీసుకున్నాను.

ఇది చిన్న ఆపరేషను కాదు

"కుక్కకి కు.ని. ఆపరేషను" అని అంటూ ఉంటారు. ఆ మాటతోనే పొరపాటు మొదలవుతుంది. మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషనులో వీర్యనాళాలను మాత్రమే కత్తిరించి ముడివేస్తారు. ఆడవారికి చేసే దానిలో ట్యూబులను మాత్రమే మూసివేస్తారు. గర్భసంచి, అండాశయాలు ఎక్కడివి అక్కడే ఉంటాయి.

కుక్కలకి మామూలుగా చేసేది ఇంతకంటె పెద్దది. మగకుక్కకి వృషణాలు రెండూ తీసేస్తారు. ఆడకుక్కకి పొట్ట తెరిచి అండాశయాలను, గర్భసంచిని కూడా తీసేస్తారు. ఆడవారికి గర్భసంచి తీసే ఆపరేషను అయితే మనం ఎన్ని వారాలు బరువు ఎత్తనివ్వం? కుక్కకీ లోపల జరిగింది దాదాపు అదే. అయితే మనిషిలా అది మంచం మీద పడుకోదు. మర్నాడే లేచి తోక ఊపుతుంది, గేటు దగ్గరికి పరుగెత్తుతుంది. "మన కుక్కకి తగ్గిపోయింది" అని మనం గొలుసు విప్పేస్తాం. తోక ఊపినంత మాత్రాన గాయం మానినట్టు కాదు. పైన చర్మం అతుక్కోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈ రెండు వారాలూ దాన్ని రోగిగానే చూడాలి.

మొదటి రాత్రి

ఆపరేషను రోజున మత్తు పూర్తిగా వదలడానికి చాలా గంటలు పట్టవచ్చు. కళ్ళు తెరిచి ఉన్నా మత్తులోనే ఉండవచ్చు. కొన్ని కుక్కలు మూలుగుతాయి, ఈత కొడుతున్నట్టు కాళ్ళు ఆడిస్తాయి, లేచి తూలి పడతాయి. ఇదంతా మత్తు దిగేటప్పుడు కనిపించేదే. కంగారుపడి చుట్టూ చేరకండి. నిశ్శబ్దంగా, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో ఉంచండి.

మత్తులో ఒంట్లో వేడి తగ్గుతుంది. చల్లటి గచ్చు మీద పడుకోబెట్టవద్దు. కింద పొడి గోనెసంచి, దాని మీద ఉతికిన పాత చీర మడత వేయండి. మంచం మీద, అరుగు అంచున పడుకోబెడితే తూలి కిందపడుతుంది. కోనసీమలో ఏ ఇంటి పెరడు చూసినా పక్కనే పంటబోదో, చెరువో, నూతో ఉంటుంది. మత్తులో ఉన్న కుక్క అటు పోతే తేలలేదు. ఆ రాత్రి దాన్ని తలుపు లోపలే ఉంచండి.

పూర్తిగా తెలివి వచ్చి, తల నిలబెట్టి, తనంత తాను తాగేదాకా నోట్లో నీళ్ళుగాని పాలుగాని పొయ్యకూడదు. మత్తులో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పాపం దాహం వేస్తుందని చెంచాతో పోసి చంపుకున్నవాళ్ళు ఉన్నారు. తెలివి వచ్చాక ముందు కొద్దిగా నీళ్ళు, అవి నిలిస్తే మామూలు తిండిలో సగం పెట్టండి. ఒకసారి వాంతి అయితే ఫరవాలేదు. మళ్ళీ మళ్ళీ అయితే డాక్టరుకి చూపించాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. కుక్కకి మామూలుగా ఉండే ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకి జ్వరం అనిపించేది దానికి మామూలు. చేత్తో తాకి "ఒళ్ళు కాలిపోతోంది" అని జ్వరం మందు వేయకండి.

గాయానికి ఏమీ రాయకండి

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మంచి వెలుతురులో గాయం చూడండి. అంచులు రెండూ కలిసి ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు కొంచెం ఎరుపు, కొద్దిపాటి వాపు ఉండవచ్చు. మగకుక్కకి సంచి వాచి, ఏమీ తీయలేదేమో అనిపించవచ్చు. అది క్రమంగా తగ్గాలి. వాపు రోజు రోజుకీ పెరిగినా, చీము, దుర్వాసన ఉన్నా, కుట్లు విడినా అది మామూలు కాదు.

గాయానికి ఏం రాయాలి అని అందరూ అడుగుతారు. డాక్టరు రాసిచ్చినది తప్ప ఏమీ రాయకూడదు. మన ఇళ్ళలో కొబ్బరినూనెకి కొదవ లేదు గనుక ముందు చెయ్యి దాని మీదికే పోతుంది. నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది, కుక్కకి నాకబుద్ధి పుడుతుంది. పసుపు, బూడిద, కాఫీపొడి గాయంలో మురికిగా మిగులుతాయి. స్పిరిట్, డెట్టాల్ లాంటివి కొత్తగా అతుక్కుంటున్న కండని మాడుస్తాయి.

ముసురు పట్టిన రోజుల్లో మన ప్రాంతంలో ఇంకో బెడద ఉంది. తడి, బురద, వాటితోపాటు ఈగలు. తడిసిన గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. అప్పుడు కిరసనాయిలు, ఫినాయిలు, సీతాఫలం ఆకు పసరు పోస్తూ ఉంటారు. పురుగుల మాట ఎలా ఉన్నా, తెగిన పొట్ట మీద అలాంటివి పోయడం ప్రమాదం. గాయంలో పురుగు కదలడం చూస్తే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అసలు పురుగు పట్టకుండా ఉండాలంటే పడక పొడిగా ఉండాలి. గోనెసంచి రోజూ మార్చి ఎండలో వెయ్యండి. కొబ్బరి పీచు, పొట్టు, ఊక మీద పడుకోనివ్వకండి. నలుసులు కుట్ల మధ్య దూరతాయి. కుట్లు తీసేదాకా స్నానం, కాలవలో ఈత రెండూ వద్దు.

నాకితే మానుతుందా?

"కుక్క నాకితే పుండు మానుతుంది" అనే మాట మనలో పాతుకుపోయింది. ఇది నిజం కాదు. కుక్క నోట్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. దాని నాలుక గరుకు. ఒక్క రాత్రి కూర్చుని నాకితే, ముందు పళ్ళతో కొరికితే, కుట్లన్నీ ఊడివస్తాయి.

పశువుల డాక్టరు మెడకి వేసే గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీని తీయవద్దు. కుక్క దిగులుగా కనిపిస్తుంది, గోడలకి గుద్దుకుంటుంది. మనకి జాలి వేసి తీసేస్తాం. ఒకటి రెండు రోజుల్లో అది అలవాటు పడుతుంది. తినేటప్పుడు దగ్గర కూర్చుని తీసి, తిన్నాక మళ్ళీ పెట్టండి. అది దొరకకపోతే తేలికపాటి చిన్న ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచులకి గుడ్డ చుట్టి మెడకి అమర్చవచ్చు. మెడకీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలి. ఆడకుక్కకి పిల్లల పాత బనీను తొడిగి వీపు మీద ముడివేసినా కొంత పనిచేస్తుంది. బనీను తడిస్తే వెంటనే మార్చాలి.

మన మందుల పెట్టె దానికి విషం

ఇక రాజోలు సోదరి అడిగిన ప్రశ్న. మన మాత్ర సగం విరిచి వేయవచ్చా? వేయకూడదు. సగం కాదు, పావు కూడా వద్దు.

మనం ఒళ్ళునొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, రక్తం పోయేలా చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆపరేషనులో కొంత రక్తం పోయి, నీళ్ళు సరిగా తాగని కుక్కకి ఇది మరీ ప్రమాదం. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయాన్ని, రక్తాన్ని పాడుచేస్తుంది. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చు. చంటిపిల్లల జ్వరం సిరప్పు కూడా ఈ కోవలోదే.

మందు ఒకే జబ్బుకైనా ఒక్కొక్క జీవిలో ఒక్కొక్క విధంగా పనిచేస్తుంది. పశువులకి డైక్లోఫెనాక్ వాడితే, ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. ఆ కారణంగానే పశువైద్యంలో ఆ మందుని మన దేశంలో 2006లో నిషేధించారు. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ మాత్రలు కూడా వేయవద్దు. కుక్కకి నొప్పి ఉంటుంది, దానికి మందు కావాలి, నిజమే. ఆ మందు కుక్క బరువుని బట్టి పశువుల డాక్టరు రాయాలి. ఇంటికి తెచ్చుకునే ముందే "నొప్పికి ఏమి, ఎన్ని రోజులు?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

తిండి, తిరుగుడు

రెండో రోజు నుంచి పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకలు లేని కోడిమాంసం వేసి ఉడికించిన అన్నం పెట్టవచ్చు. ఒకేసారి కాక మూడు పూటలుగా పెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి గనుక కూర కలిపిన అన్నం వద్దు. చేప ముళ్ళు, చాకొలెట్లు, ద్రాక్ష, కిస్‌మిస్ అసలే వద్దు.

ఒకటి రెండుకి గొలుసు పట్టుకుని నెమ్మదిగా తిప్పి తీసుకురండి. పరుగులు, మెట్లు, మోటారు సైకిలు మీదికి గెంతడం పద్నాలుగు రోజులు కట్టిపెట్టాలి. ఈ రోజుల్లో దీపావళిగాని, కనుమనాటి ప్రభల తీర్థంగాని రాకుండా ఆపరేషను తేదీ పెట్టించుకోండి. బాణసంచా మోతకి బెదిరి గోడ దూకిందంటే కుట్లు నిలవవు.

మగకుక్క విషయంలో ఇంకో జాగ్రత్త. వృషణాలు తీసేసినా నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల కొన్ని వారాలపాటు ఆడకుక్కకి కడుపు వచ్చే వీలుంది. నెల పైచిలుకు విడిగా ఉంచడం మంచిది.

వీటిలో ఏది కనిపించినా ఆగకండి

1. చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం. మామూలుగా గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. రాకపోతే లోపల రక్తం పోతోందేమో అనుమానించాలి.

2. గాయం నుంచి రక్తం ఆగకుండా కారడం, పొట్ట ఉబ్బడం.

3. ఒక రోజు గడిచినా లేవకపోవడం, ముద్ద ముట్టకపోవడం, మూత్రం పోయకపోవడం.

4. పదేపదే వాంతులు, ఆయాసం, ఒళ్ళు వణకడం.

5. కుట్లు విడి లోపలి కండ లేదా పేగు కనిపించడం. పేగుని లోపలికి తోయకండి. శుభ్రమైన గుడ్డని కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపి కప్పి, నాకకుండా పట్టుకుని, ఆ క్షణానే బయల్దేరండి.

పశువుల సంచార వైద్యానికి 1962 నెంబరుకి ఫోను చేయవచ్చు. ఆపరేషను చేసిన డాక్టరు ఫోను నెంబరు కూడా ముందే తీసి ఉంచుకోండి.

ఇంట్లో పిల్లలున్నారా?

నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవవచ్చు. అది దాని తప్పు కాదు. కొత్తపేట వైపు నుంచి ఏడేళ్ళ కుర్రవాడిని తీసుకొచ్చారొకసారి. ఇంటి కుక్కకి ముందురోజు ఆపరేషను అయింది. వీడు దానికి పాలు పడదామని మంచం కిందికి దూరి మెడ కావలించుకున్నాడు. అది చెంప మీద కరిచింది. నాయనమ్మ కాఫీపొడి అద్దింది. "మన కుక్కే కదా, ఆపరేషను కూడా అయింది కదా" అని రెండు రోజులు ఊరుకున్నారు. ఆ కుక్కకి రేబిస్ టీకా ఎప్పుడూ వేయించలేదు. కాటు ముఖం మీద, అంటే మెదడుకి దగ్గర. గాయం కడిగి, గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించి, టీకా మొదలుపెట్టాము.

తండ్రి కోపంతో కుక్కని చంపేస్తానన్నాడు. చంపవద్దు, కట్టేసి పది రోజులు చూడమన్నాను. కరిచిన కుక్క పది రోజులూ ఆరోగ్యంగా బతికి ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం. చంపేస్తే ఆ సంగతి తెలియదు. ఆ పది రోజులూ ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. కుక్క బతికింది, పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు. ముందే ఒక టీకా వేయించి ఉంటే ఆ ఇంటికి ఆ పది రోజుల నరకం ఉండేది కాదు.

కాబట్టి కుక్క పడకని పిల్లలకి అందని చోట వేయండి. గాయం చూసేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళు ఉండండి. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు చూడాలి. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, కాఫీపొడి వద్దు. కట్టు వద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. ఆలస్యమైపోయిందని మానేయకండి, ఎప్పుడైనా రావలసిందే. నేను చదువుకున్న రోజుల్లో బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు పొడిచేవారు. ఆ పాత టీకా మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. కండకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

వీధి కుక్క తిరిగి వస్తే

వీధికుక్కల్ని పట్టుకుపోయి ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ళీ పట్టిన వీధిలోనే వదలాలని కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. ఇవి మొదట 2001లో, తర్వాత 2023లో కొత్తగా వచ్చాయి. మద్రాసు బ్లూక్రాస్ సంస్థ ఈ పద్ధతిని 1964లోనే మొదలుపెట్టింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని తప్ప మిగతావాటిని పట్టిన చోటనే వదలమంది. అదే ఏడు నవంబరు 7న, బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి ఆవరణల్లో పట్టినవాటిని మాత్రం మళ్ళీ అక్కడ వదలవద్దంది.

ఆపరేషను అయిన కుక్కకి గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు. అలాంటి కుక్క మీ వీధికి వస్తే తరమకండి, రాళ్ళు వేయకండి. పరుగెత్తిస్తే లోపలి కుట్లు తెగుతాయి. పొడి చోట నీళ్ళు, కాస్త అన్నం పెట్టి దూరంగా ఉండండి. గాయం విడినట్టు కనిపిస్తే మీరు పట్టుకోవద్దు. మునిసిపాలిటీకిగాని, పంచాయతీకిగాని, పశువుల ఆసుపత్రికిగాని కబురు చేయండి.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆపరేషను చేయిస్తే కుక్క మెత్తబడి కొబ్బరితోట కాపలా మానేస్తుందంటున్నారు. నిజమేనా? (ఒక రైతు, అంబాజీపేట)

జవాబు: నిజం కాదు. తన చోటుని, తన మనుషుల్ని కాచుకోవడం కుక్కకి పుట్టుకతో, పెంపకంతో వచ్చిన గుణం. మగకుక్క ఆడకుక్కల వెంటబడి ఊళ్ళు తిరగడం తగ్గుతుంది గనుక తోటలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అయితే ఆపరేషను తర్వాత ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది. గాయం మానాక తిండిని అయిదోవంతు వరకు తగ్గించండి. లేకపోతే లావెక్కి బద్ధకిస్తుంది.

ప్రశ్న: ఒక్క ఈతైనా కాకుండా ఆపరేషను చేయించడం పాపమని మా అత్తగారు అంటున్నారు. (ఒక గృహిణి, అమలాపురం)

జవాబు: మీ అత్తగారి జాలి మంచిదే. ఆమెకి ఇలా చెప్పండి. కుక్కకి సుమారు 63 రోజుల్లో ఈత అవుతుంది, ఏడాదికి రెండుసార్లు ఎదకి రావచ్చు. ఆ పిల్లలన్నిటికీ ఇళ్ళు దొరకవు. సంచిలో కట్టి కాలవగట్టున వదిలేయడం కంటె ఇది పాపం కాదు. పైగా ఈత కావడం వల్ల కుక్కకి ఆరోగ్యపరంగా లాభమేమీ లేదు. మొదటి ఎదకి ముందే చేయిస్తే పాలరొమ్ముల్లో గడ్డలు రావడం బాగా తగ్గుతుంది. వయసు మీరాక గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఉండదు. ఏ వయసులో చేయించాలో మీ కుక్క జాతిని, ఒడ్డుపొడుగుల్ని చూసి పశువుల డాక్టరు చెబుతారు.

ప్రశ్న: ఆపరేషను అయింది కదా, ఇక రేబిస్ ఇంజక్షను అక్కరలేదు కదా? (ఒక విద్యార్థి, రాజోలు)

జవాబు: ఆపరేషను పిల్లలు పుట్టకుండా ఆపుతుంది. రేబిస్ రాకుండా ఆపేది టీకా ఒక్కటే. కుక్కపిల్లకి మూడో నెలలో వేయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయిస్తూ ఉండాలి. ఆ కార్డు మీ పిల్లల టీకాల కార్డుతోపాటే దాచుకోండి.